ఆదివారం గోలీ

కోదాడ హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పే గ్రేస్‌కు మొదట వాచినవి చాక్‌పీసు పట్టుకునే మూడు వేళ్లే. రోజంతా బోర్డు మీద రాయడం వల్లనేమో అనుకుంది. ఏడాది తిరిగేసరికి పొద్దున్నే జడ వేసుకోవడానికి భర్త యాకోబును పిలవాల్సి వచ్చింది. అప్పటికి ఆమెకు ముప్పై ఆరేళ్లు. హైదరాబాదు నుంచి నెలకు రెండుసార్లు సూర్యాపేట వచ్చే డాక్టరు ఆమె చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, ఇది అరుగుదల కాదమ్మా, కీళ్లవాతం, పూర్తిగా పోదు గాని మందులు సరిగ్గా వాడితే అదుపులో ఉంటుంది అన్నాడు. మందులు ముఖ్యంగా రెండు. ఒకటి వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రెండోది విటమిన్ గోలీ, అది మిగతా ఆరు రోజులూ. మొదటిదాన్ని పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుందని, చీటీ మీద ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టి మరీ చెప్పాడు.

మందు మొదలుపెట్టాక రెండు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకోవాలి. అలా ఒకనాడు సూర్యాపేట ల్యాబులో కూర్చుని ఉంటే పక్కనున్న పెద్దామె నీళ్ల సీసా గ్రేస్ చేతికిచ్చింది.

"బిడ్డా, జర దీని మూత తియ్యరాదు? నా చేతుల సత్తువ లేదు."

గ్రేస్ పట్టుకుని తిప్పబోయింది. మణికట్టు కలుక్కుమంది. "నాక్కూడా రాదు పెద్దమ్మా, నాదీ అదే రోగం" అంది. ఎదుటి కుర్చీలో ఉన్నాయన లేచి, నాకియ్యండి అని తీసుకున్నాడు. రెండు ముంజేతుల మధ్య సీసా ఇరికించి, పళ్లు బిగించి, ముఖం ఎర్రగా చేసుకుని, చివరికి ఆయనా ఓడిపోయాడు. ముగ్గురూ ఒకరి వేళ్లు ఒకరు చూసుకున్నారు. ఒకే తీరు వాపు, ఒకే తీరు వంకర. పెద్దామె ముందు నవ్వింది. ఆరు చేతులకు రాని మూతను ల్యాబులో పనిచేసే అమ్మాయి వచ్చి ఒక్క తిప్పుతో తీసింది.

పెద్దామె పేరు ఉప్పలమ్మ. తిరుమలగిరి దగ్గర పల్లె. భర్త నర్సయ్యకు గొర్రెల మంద ఉంది, రెండెకరాల్లో పత్తి వేస్తారు. సీసాతో కుస్తీ పట్టినాయన మధుసూదన్, మిర్యాలగూడలో రైస్ మిల్లులో సూపర్‌వైజరు. ఆ రోజే గ్రేస్ తన ఫోన్లో ముగ్గురితో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టింది. పేరు 'పిడికిలి'. పొద్దున్నే పిడికిలి పడుతుందా లేదా అన్నదే ఆ జబ్బున్నవాళ్ల మొదటి లెక్క గనక ఆ పేరు అందరికీ నచ్చింది.

ల్యాబులో, డాక్టరు దగ్గర, మందుల షాపులో, కలిసినవాళ్లందరినీ చేర్చుకుంటూ పోతే నాలుగేళ్లలో గ్రూపులో ఎనభై ముగ్గురయ్యారు. డాక్టరు ఏడు నిమిషాల్లో చెప్పలేని సంగతులు అక్కడ దొరికేవి. గరిటె కాడకు పాత సైకిల్ ట్యూబు చుడితే పట్టు దొరుకుతుందని ఒకామె చెప్పింది. బట్టలు పిండకుండా, కుళాయికి చుట్టి మెలిపెట్టమని ఇంకొకామె. ఎత్తు మెట్ల బస్సు ఎక్కేటప్పుడు ఏ కాలు ముందు వెయ్యాలో మధుసూదన్ వీడియో తీసి పెట్టాడు. రక్తపరీక్ష కాగితం అర్థంకాని వాళ్లకు సూర్యాపేటలో నర్సుగా చేసే రజని ఓపిగ్గా విడమరిచి చెప్పేది. ఆమెకూ ఇదే జబ్బు. రోగం దాచిపెట్టి పెళ్లి సంబంధం చూస్తున్నారని ఏడ్చిన పిల్లను ఆ రోజంతా ముప్పై మంది ఊరడించారు.

ఉప్పలమ్మకు చదువు రాదు. ఆమెవన్నీ మాట సందేశాలే. రోజూ పొద్దున్నే వచ్చేవి.

"అక్కలారా, అన్నలారా, ఇయ్యాల నా పిడికిలి సగమే పట్టింది. మొగులైంది గద, వానొచ్చెటట్టున్నది, గందుకే. మీయెట్లున్నయ్?"

వెనక గొర్రెల అరుపులు వినబడేవి. ఆ గొంతు రాని రోజు గ్రూపు చప్పగా ఉండేది.

ఆదివారం మాత్రం గ్రేస్‌ది. చర్చికి బయల్దేరే ముందు, "ఈరోజు వారం గోలీ రోజు. ఒక్కరోజే. రేపటి నుంచి మళ్లీ విటమిన్ గోలీ" అని పెట్టేది. వేసుకున్నవాళ్లు బొటనవేలు గుర్తు పెట్టాలి. సాయంత్రానికి ఎవరైనా పెట్టకపోతే ఫోన్ చేసి అడిగేది. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. షాపులో మందు కంపెనీ మారి గోలీల పట్టీ వేరేగా వస్తే, మింగే ముందు ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి. చదవగలిగిన వాళ్లెవరో ఒకరు చూసి, ఏది ఏ రోజుదో చెబుతారు. ఈ రెండూ డాక్టరు చెప్పినవి కావు. వాళ్లలో వాళ్లు అనుకుని పెట్టుకున్నవి. ఆ నాలుగేళ్లలో ఎవరికీ గోలీలు తారుమారు కాలేదు.

మొన్నటి మార్చిలో, పదో తరగతి పరీక్షలు మొదలయ్యే ముందు శనివారం, మధుసూదన్ ఒక వీడియో పెట్టాడు. హుజూర్‌నగర్ అవతల ఏదో ఊళ్లో ఆకుపసరు ఇస్తున్నారట. మూడు మోతాదుల్లో కీళ్లవాతం ఖతం, ఇంగ్లీషు గోలీలు కాలవలో పారేసుకోవచ్చు అంటున్నాడు అందులో ఒకాయన. గ్రేస్ చూసిన మరుక్షణం దాన్ని తీసేసింది.

"మేడం, నాది ఎందుకు తీసేసిండ్రు?" అని రాశాడు మధుసూదన్.

"మందులు మానమనేవి పెట్టగూడదన్నది మన రూలే కదండీ. మందులు పారేయమని చెప్పే వీడియో అది."

"నేను పారేయమన్లే. సూడమన్న, అంతే. గ్రూపు మీ ఒక్కలదా?"

అక్కడితో ఆగితే పోయేది. ఎవరో, "టీచర్ కదా, మనమంతా పిల్లల్లెక్క కనబడుతం" అని రాశారు. దాని కింద నవ్వు బొమ్మలు పడ్డాయి. గ్రేస్ లెక్కపెట్టింది, పదకొండు. తను ఫోన్లు చేసి పరామర్శించినవాళ్లు, తను బస్సులో మందులు పంపినవాళ్లు అందులో ఉన్నారు. అంతలో ఉప్పలమ్మ మాట వచ్చింది.

"బిడ్డా, మధు సారు మంచికే పెట్టిండు గద. జర ఆయన మాట గూడ ఇనరాదు. అందర్కి నొప్పే గద."

పదకొండు నవ్వుల కంటే ఆ ఒక్క మాట ఎక్కువ గుచ్చుకుంది. ఉప్పలమ్మ కూడానా అనుకుంది గ్రేస్. గ్రూపుకు అడ్మిన్ తనొక్కతే. సెట్టింగుల్లోకి వెళ్లి, అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపగలిగేలా మార్చింది. అంతే, ఎనభై రెండు మంది నోళ్లు ఒక్కసారిగా మూతపడ్డాయి. ఫోను పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లింది.

మర్నాడు ఆదివారం. తను మాత్రం రాయగలదు. ఎప్పుడూ రాసే వాక్యమే, రెండు సెకన్ల పని. ఫోను చేతిలోకి తీసుకుంది. నేను లేకపోతే ఎలా ఉంటుందో వాళ్లకూ తెలియాలి కదా అనిపించింది. రాయకుండానే చర్చికి వెళ్లింది. పాటలు పాడుతున్నంతసేపూ ఆ సంగతి మనసులో నలుగుతూనే ఉంది. ఇంటికొచ్చాక కూడా రాయలేదు. ఆ తర్వాత పరీక్షల డ్యూటీ పడింది. రెండో ఆదివారానికి రాయకపోవడం అలవాటైంది.

ఆ రెండో ఆదివారం తర్వాతి రోజు సాయంత్రం గ్రేస్ కాపడం పెట్టుకుంటూ కూర్చుంది. బల్ల మీద ఫోను మోగింది. యాకోబు తొంగి చూశాడు.

"ఉప్పలమ్మ గారంట. తియ్యవా?"

"మోగనివ్వండి. రాజీ చెయ్యడానికే చేస్తుంది. మధుసూదన్ గారే చేయించి ఉంటారు."

"అడిగితే పోయేదేముంది?"

"రేపు మాట్లాడతాలెండి."

ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగలేదు. మర్నాడు పరీక్షల డ్యూటీకి వెళ్తూ బస్సులో గుర్తొచ్చింది, సాయంత్రం చేద్దామనుకుంది. సాయంత్రం మరిచిపోయింది. అది మరపు కాదని, తనకు తాను చెప్పుకున్న సాకేనని ఆమెకు తర్వాత తెలిసింది.

మూడో ఆదివారం కూడా గడిచిపోయింది. గురువారం మధ్యాహ్నం స్కూల్లో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"నేను ఉప్పలమ్మ బిడ్డను, శోభను. సూర్యాపేట దవాఖాన్లకెళ్లి మాట్లాడుతున్న. అమ్మకు నోరంత పుండ్లయినయ్, జరం. నీళ్లు గూడ మింగుతలేదు. రక్తకణాలు పడిపోయినయ్ అంటుండ్రు. వారానికొకటి ఎయ్యాల్సిన గోలీ ఎనిమిది దినాలు రోజు ఏసుకున్నదంట." పక్కన ఎవరికో ఏదో చెప్పి మళ్లీ ఫోన్లోకి వచ్చింది. "ఆమె ఫోన్ల ఆఖరుకు మీకే చేసినట్టున్నది. ఏం మాట్లాడింది? మీరేం చెప్పిండ్రు?"

గ్రేస్ చేయి స్టాఫ్ రూం బల్ల అంచును పట్టుకుంది.

"నేను మాట్లాడలేదమ్మా."

"మీకు అందలేదా?"

"అందలేదు" అంది గ్రేస్.

సెలవు చీటీ రాసి అప్పటికప్పుడు సూర్యాపేట బస్సెక్కింది. దవాఖానలో ఉప్పలమ్మ పెదాలు పగిలి, నల్లగా అట్టలు కట్టి ఉన్నాయి. కళ్లు తెరిచి గ్రేస్‌ను చూసింది. ఏదో అనబోయి, నోరు కదిలితే నొప్పికి తట్టుకోలేక ఊరుకుంది. విరుగుడు సూదిమందు మొదలుపెట్టామని, హైదరాబాదు పంపడమే మంచిదని డ్యూటీ డాక్టరు చెప్పింది. వరండాలో శోభ తల్లి ఫోను తెరిచి చూపించింది. మంచం మీద పరిచిన దుప్పటి, దాని మీద రెండు గోలీల పట్టీలు. ఒకే బొమ్మ, మసకమసకగా, వంకరటింకరగా. తొమ్మిదిసార్లు తీసింది.

"షాపుల ఎప్పుడిచ్చే కంపెనీది లేదని వేరేది ఇచ్చిండ్రంట. ఎప్పుడు గూడ రోజు ఏసే దానికి ఆకుపచ్చ గీత ఉండేదంట. ఈసారి ఆ గీత వారం గోలీకుండె. రెండు గూడ పసుప్పచ్చ గోలీలేనాయె. అనుమానం వచ్చి గ్రూపుల పెడ్దామని ఫొటోలు తీసింది. ఎంత ఒత్తినా పోతలేవంట. మాట మాట్లాడే గుర్తు గూడ కనబడ్తలేదంట. టీచరమ్మ నన్ను తీసేసిందేమో, నేను అడ్డం మాట్లాడిన గద అన్నది నాతోని. నేను హుజూర్‌నగర్‌ల ఉంటి. పోయి సూస్తా అనుకున్న, పత్తి చేన్ల పనులు ఒడువలేదు. నాది గూడ తప్పే."

గ్రేస్ ఆ తొమ్మిది ఫొటోలూ ఒక్కొక్కటిగా చూసింది. నాలుగోదాంట్లో పట్టీ మీది అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. చూసిన క్షణంలో చెప్పగలిగేది, ఏది ఆదివారానిదో.

కోదాడ వెళ్లే బస్సులో కూర్చుని, అందరూ రాయగలిగేలా గ్రూపును మళ్లీ తెరిచింది. ఉప్పలమ్మకు ఏమైందో రాసింది. ఒక్క నిమిషంలో వరసపెట్టి సందేశాలు వచ్చాయి. ఆ రోజు నవ్వు బొమ్మలు పెట్టినవాళ్లలో కొందరు ముందుగా రాశారు. ఎవరూ గ్రేస్‌ను ఏమీ అనలేదు. గ్రూపు మూసి ఉన్న ఆ పంతొమ్మిది రోజుల్లో ఇంకో ఇద్దరు పరీక్ష తేదీలు మరిచిపోయారని, ఒకాయనకు మందు దొరక్క రెండు వారాలు వేసుకోలేదని అప్పుడు తెలిసింది. రాత్రి భోజనాలయ్యే వేళకు మధుసూదన్ ఫోన్ చేశాడు.

"మేడం, ఆమె నంబరు నా దగ్గర గూడ ఉండె. ఒక్క ఫోన్ చేసి ఎట్లున్నవ్ పెద్దమ్మా అంటే అయిపోతుండె. మీమీద కోపంల కూసున్న. ఆ వీడియోల సంగతి నాకు తెల్వదా? మోకాలు బాగ సతాయిస్తుండె, దిమాక్ పనిచేయలే."

"నాకు ఫోన్ చేసిందండీ ఆమె" అంది గ్రేస్. "నేను తియ్యలేదు."

"శోభకు తెలుసా?" అని మెల్లగా అడిగాడు. లేదంది.

ఆ వారమే మధుసూదన్‌ను, రజనిని కూడా అడ్మిన్లను చేసింది. గ్రూపు మూసే పని ఇక ఏ ఒక్కరి చేతిలోనూ ఉండకూడదని ముగ్గురూ అనుకున్నారు. చదువురాని వాళ్లు పదహారు మంది తేలారు. ఒక్కొక్కరికి ఒక్కొక్కరు నేరుగా ఫోన్ చేసేలా పంచుకున్నారు. గ్రేస్ ఇవన్నీ చకచకా చేసింది. చేస్తున్నప్పుడు కాస్త తేలికగా ఉండేది. అయిపోగానే మళ్లీ బల్ల మీద ఫోను మోగుతున్నట్టే ఉండేది.

ఉప్పలమ్మ హైదరాబాదులో పదమూడు రోజులుండి బతికి బయటపడింది. మే నెలలో గ్రేస్ తిరుమలగిరి వెళ్లి, అక్కణ్నుంచి ఆటోలో ఆ పల్లెకు చేరింది. నర్సయ్య గొర్రెలకు నీళ్లు పెడుతున్నాడు. ఉప్పలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. జుట్టు సగానికి సగం ఊడిపోయింది. ఒళ్లో పెట్టుకున్న చేతుల వైపు చూసింది గ్రేస్. పిడికిళ్లు వాచి, వేళ్లు ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నాయి.

"మందులు వేసుకుంటున్నావా పెద్దమ్మా?"

"గోలీ పేరు ఎత్తకు బిడ్డా. నాకు దాన్ని సూస్తెనే వణుకొస్తది. నొప్పికి ఓర్సుకుంట, అండ్ల ఏమున్నది."

"డాక్టరు ఒప్పుకున్నారా?"

"డాక్టరుకాడికి పోతెనే గద."

నర్సయ్య చాయ్ గ్లాసు తెచ్చి భార్య రెండు మణికట్ల మధ్య పెట్టి, తను కూడా కింద చేయి ఆసరా ఇచ్చి తాగించాడు. ఆయన గొర్రెల దగ్గరికి వెళ్లాక గ్రేస్ ఆమెకు దగ్గరగా జరిగింది. ఆ మాట చెప్పకుండా తిరిగి వెళ్లగూడదని దారి పొడుగునా అనుకుంటూనే వచ్చింది.

"పెద్దమ్మా, ఆ రోజు నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. ఫోను నా ఎదుటే ఉంది. నీమీద కోపంతో తియ్యలేదు. శోభకు అందలేదని అబద్ధం చెప్పాను."

ఉప్పలమ్మ ఆమెవైపు చూసింది. తర్వాత గొర్రెల వైపు చూసింది.

"గట్లనా" అంది.

"నన్ను తిట్టు పెద్దమ్మా."

"తిట్టుడెందుకు. పరీచ్చల పనుల మీద ఉన్నవేమో అనుకున్న. శోభ గూడ నిన్ను తప్పు పడుతుంటే, పనిల ఉండొచ్చు బిడ్డ, లేకుంటె ఎత్తకపోతదా అని నేనే అన్న." మణికట్టుతో కొంగు సర్దుకుంది. "నేను గట్లనే అనుకుంట ఉంటిని. నువ్వు చెప్పకపోయినా అయిపోతుండె."

చెప్పేస్తే తన బరువు దిగుతుందనుకుని వచ్చింది గ్రేస్. ఆ ముసలమ్మ దగ్గర మిగిలిన ఒక్క మంచి నమ్మకాన్నీ తీసేసుకున్నానని అక్కడ కూర్చున్నాక గాని అర్థం కాలేదు.

"పొద్దు గూకుతుంది" అంది ఉప్పలమ్మ. భర్తను కేకేసింది. "ఓ మామా, టీచరమ్మను ఆటో ఎక్కిచ్చి రాపో."

ఆ తర్వాత గ్రేస్ వారం వారం శోభకే ఫోన్ చేసింది. ఒకసారి ఆ నిజం శోభకు కూడా చెప్పింది. శోభ ఆ రోజు ఫోన్ పెట్టేసింది. మళ్లీ మూడు వారాల తర్వాత తనే చేసి, అమ్మను ఎట్ల ఒప్పియ్యాలో చెప్పండి అని అడిగింది. గోలీ కాకుండా ఇంకో మందు ఉంటుందని, మందులంటే భయం పట్టుకున్న వాళ్లు తమ గ్రూపులోనే ముగ్గురున్నారని చెప్పి, వాళ్లు ఎలా మళ్లీ మొదలుపెట్టారో రజని చేత చెప్పించింది. ఆగస్టు దాకా పట్టింది ఉప్పలమ్మను కదిలించడానికి.

ఆ నెల రెండో శనివారం గ్రేస్ డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఉప్పలమ్మ, శోభ అప్పటికే వచ్చి ఉన్నారు. ఉప్పలమ్మ జరిగి చోటు ఇచ్చింది. పత్తికి పురుగు పట్టిందని, వాన సరిగా లేదని చెప్పింది. గ్రూపు ఊసెత్తలేదు. గ్రేస్ కూడా ఎత్తలేదు. జరిగినదాని గురించి అనుకునే మాటలేవీ ఇద్దరి మధ్యా మిగల్లేదు.

ఎదురుగా ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పాతికేళ్లుంటాయేమో. దుపట్టా కింద చేతులు దాచుకుని ఏడుస్తోంది. ఇవాళే జబ్బు పేరు చెప్పారట. ఉప్పలమ్మ కాసేపు చూసి, వంగి పలకరించింది.

"ఏం పేరు బిడ్డా?"

"గోపిక."

"ఏడ్వకు. నాకు గూడ గిదే రోగం, ఆరేండ్లాయె. సూడు, బతికే ఉన్న గద. నొప్పులెట్ల ఓర్సుకోవాలె, గోలీలు ఎట్ల ఎయ్యాలె, అన్ని చెప్తరు. ఫోన్ల గ్రూపు ఉంటది. ఎందరో ఉన్నరు మనలాంటోళ్లు. ఒక్కదాన్నే అనిపియ్యదు." గడ్డంతో గ్రేస్‌ను చూపించింది. "ఈ టీచరమ్మను అడుగు, చేర్పిస్తది."

గోపిక కళ్లు తుడుచుకుని గ్రేస్ వైపు తిరిగింది.

"నువ్వూ మళ్లీ మాట్లాడొచ్చు కదా పెద్దమ్మా" అంది గ్రేస్. "నీ గొంతు కోసం రోజూ అడుగుతున్నారు అందరూ."

"నాకిగ వద్దులే బిడ్డా" అంది ఉప్పలమ్మ. కోపం లేదు ఆ మాటలో. చల్లగా, అలిసిపోయినట్టు అంది.

లోపల్నించి ఉప్పలమ్మ పేరు పిలిచారు. గోపిక తన నంబరు చెబుతుంటే గ్రేస్ ఒక్కో అంకె నొక్కుతూ పోయింది. ఉప్పలమ్మ శోభ భుజం ఆసరాగా లేచి, మెల్లగా డాక్టరు గదిలోకి నడిచింది.